ఐదుకూ ఆరుకూ తేడా తీవ్రత కాదు, దిక్కు: తీరం వార్తల్లోని సముద్రపు మాటలకు వివరణ

ఏటా అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు వైపు టీవీ స్క్రోలింగుల్లో కొన్ని మాటలు తిరుగుతూనే ఉంటాయి. ‘కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’, ‘గంటకు 40 నాట్ల వేగంతో గాలులు’, ‘తీరానికి 120 నాటికల్ మైళ్ల దూరంలో వాయుగుండం’. తుఫాన్ల కాలం పోయినా సముద్రపు మాటలు వార్తల్లోంచి పోవు. కృష్ణపట్నానికి వచ్చే బొగ్గు ఓడల డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగే లోతు), రామాయపట్నం పోర్టు పనులు, జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్, సోనా బోట్లనే తమిళనాడు మరబోట్లతో గొడవలు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. వీటిలో ప్రతిదాంట్లోనూ ఏదో ఒక కొలతో, దిక్కో, నంబరో ఉంటుంది. చదివేవాళ్లు వాటిని నేల మీది లెక్కతో అర్థం చేసుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

నేల మీద గుర్తు పట్టడానికి చెట్టుంది, గుడి ఉంది, రోడ్డుంది. సముద్రంలో అవేవీ ఉండవు. పైగా పడవ కదులుతూ ఉంటుంది, గాలి మారుతూ ఉంటుంది, నీళ్లు జరుగుతూ ఉంటాయి. అందుకే అక్కడి మాటలన్నీ ఎవరు విన్నా ఒకే అర్థం వచ్చేలా ఏదో ఒక ఆధారానికి కట్టేసి ఉంటాయి. ఒక మాటకు ఓడ ముందు భాగం ఆధారమైతే, ఇంకోదానికి తుఫాను వెళ్లే దారి, మరోదానికి భూగోళం మీది అక్షాంశం.

క్లుప్తంగా: పోర్టు హెచ్చరిక నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా వరసగా పెరిగే ప్రమాదపు మెట్లు కావు. నాట్ అనేది దూరం కాదు, వేగం. అలల ఎత్తు అని చెప్పేది సగటు లాంటి అంకె, గరిష్ఠం కాదు. కుడి ఎడమలు చూసేవాడివి కావు, ఓడవి లేదా తుఫానువి. ఆపదలో ఫోన్లో చెప్పే అక్షాంశంలో ఒక్క చుక్కను తప్పుగా చదివితే సాయానికి వచ్చే బోటు 18 కిలోమీటర్ల అవతలికి పోవచ్చు.

పోర్టులో ఎగరేసే నంబర్లు

వార్తల్లో అన్నిటినీ కలిపి ‘ప్రమాద హెచ్చరిక’ అనేస్తారు. నిజానికి వాతావరణ శాఖ పద్ధతిలో ‘ప్రమాదం’ అనే మాట ఐదో నంబరు దగ్గర గానీ మొదలవదు. మొత్తం 11 సంకేతాలు. వీటిని పగలు శంకువు, పీపా ఆకారంలో ఉండే గుర్తులతో, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలతో స్తంభానికి కట్టి చూపించే ఏర్పాటు.

ఒకటి, రెండు నంబర్లు దూరపు హెచ్చరికలు. సముద్రంలో ఎక్కడో వాతావరణం చెడింది, తుఫానుగా మారే వీలుందని ఒకటో నంబరు చెబుతుంది. తుఫాను ఏర్పడిందని రెండో నంబరు చెబుతుంది. ఈ రెండింటిలోనూ పోర్టుకు ఇప్పటికిప్పుడు వచ్చే ముప్పేమీ లేదు. రేవు వదిలి బయల్దేరబోయే ఓడలకు ‘దారిలో జాగ్రత్త’ అని చెప్పడమే వాటి పని. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. మూడో నంబరు ఎగరేశారంటే పోర్టు దగ్గరే ఈదురుగాలులు వీచే అవకాశం ఉందన్నమాట. నాలుగంటే తుఫాను వల్ల పోర్టుకు ముప్పుంది గానీ, అన్నీ కట్టిపెట్టి పరుగెత్తాల్సినంత పరిస్థితి ఇంకా రాలేదని.

అసలు తికమక ఐదు దగ్గర మొదలవుతుంది. ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి. మూడింటికీ కారణం తుఫానే. తుఫాను దారికి పోర్టు ఎడమ పక్కన పడుతుందనుకుంటే ఐదు, కుడి పక్కన పడుతుందనుకుంటే ఆరు, తుఫాను పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో పోతుందనుకుంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పదిలోనూ ఇదే వరస, కాకపోతే అక్కడ వచ్చేది తీవ్ర తుఫాను. ఎడమకు ఎనిమిది, కుడికి తొమ్మిది, నేరుగా వస్తే పది. పదకొండు మరీ విచిత్రం. అది తుఫాను బలం గురించి ఏమీ చెప్పదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని మాత్రమే చెబుతుంది.

కాబట్టి ‘నిన్న ఐదు, ఇవాళ ఆరు, తుఫాను ముదిరింది’ అనుకోవడం పొరపాటు. దారి మారిందంతే. చిన్న పోర్టుల కోసం 3, 4, 7, 10, 11 మాత్రమే వాడే పొట్టి పద్ధతి కూడా ఉంది. అలాంటి చోట నాలుగు నుంచి ఒకేసారి ఏడుకు పోవడం చూసి మూడు మెట్లు ఎక్కిందని టెన్షన్ పడాల్సిన పని లేదు. మధ్య నంబర్లు అక్కడ అసలు వాడకంలోనే ఉండవు.

తుఫాను కుడి పక్క ఎందుకు చెడ్డది

కుడి ఎడమలకు వేరే నంబర్లు పెట్టడానికి కారణం గాలి తిరిగే తీరు. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతాయి. తుఫాను తూర్పు నుంచి పడమరకు వచ్చి తీరం దాటుతోందనుకుంటే దాని కుడి పక్క ఉత్తరం. ఆ పక్కన గాలి సముద్రం మీద నుంచి నేల వైపు తోస్తుంది. నీళ్లు ఒడ్డుకు ఎగదన్నుకొస్తాయి. ఉప్పెన భయం ఎక్కువగా ఉండేది ఆ పక్కే. ఎడమ పక్క, అంటే దక్షిణాన, గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. అక్కడ నీళ్లు వెనక్కి తగ్గినా తగ్గుతాయి. చెట్లు కూలడం, వాన పడడం రెండు పక్కలా ఉంటుంది.

ఈ జిల్లాల్లో పెద్దవాళ్లకు గుర్తున్న ఉదాహరణ 1989 నవంబరు. థాయ్‌లాండ్ వైపు నుంచి బంగాళాఖాతం మొత్తం దాటుకుని వచ్చిన గే తుఫాను కావలి దగ్గర తీరాన్ని తాకింది. అది వచ్చిన దారిలో ముఖం పెట్టి చూస్తే కావలికి దక్షిణాన ఉన్న కృష్ణపట్నం ఎడమ చేతి వైపు, ఉత్తరాన ఒంగోలు దగ్గరున్న కొత్తపట్నం కుడి చేతి వైపు పడతాయి. తుఫాను ఒకటే అయినా ఈ రెండు రేవులకు ఇవ్వాల్సిన నంబర్లు వేరవుతాయి.

తుఫాను ఎప్పుడూ పడమరకే పోతుందన్న హామీ ఏమీ లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ నెల్లూరు తీరానికి దగ్గరగా, తీరం వెంబడే ఉత్తరానికి జరుగుతూ పోయి, డిసెంబరు 5న బాపట్లకు కాస్త దక్షిణంగా తీరం దాటింది. ఉత్తరానికి పోయే తుఫానుకు ఎడమ పక్క పడమర. అంటే ఈసారి నెల్లూరు నుంచి ఒంగోలు దాకా తీరమంతా ఎడమనే పడింది. నెల్లూరులో కుండపోత వాన కురవడానికి అది అడ్డు కాలేదు. ఎడమ పక్క అన్నది గాలి దిశకూ ఉప్పెనకూ సంబంధించిన సంగతి గానీ, వాన తగ్గుతుందన్న భరోసా కాదు.

ఓడ కుడి, ఓడ ఎడమ

ఓడలోనూ ఇదే సూత్రం. సరంగు చుక్కాని పట్టుకుని ముందుకు చూస్తుంటాడు, వల లాగే కళాసీ వెనక్కి తిరిగి ఉంటాడు. ‘కుడికి తిప్పు’ అంటే ఎవరి కుడి? అందుకే ఓడ ముందు భాగం వైపు ముఖం పెట్టినప్పుడు కుడి చేతి వైపును స్టార్‌బోర్డ్ అనీ, ఎడమ చేతి వైపును పోర్ట్ అనీ ఖాయం చేశారు. మనిషి ఎటు తిరిగినా ఆ పేర్లు మారవు. ఎడమ వైపును ఒకప్పుడు లార్‌బోర్డ్ అనేవాళ్లు. గాలి హోరులో రెండు మాటలూ ఒకేలా వినబడుతున్నాయని బ్రిటిష్ నౌకాదళం 1844లో దాన్ని పోర్ట్‌గా మార్చేసింది. మన దగ్గర రేవును కూడా పోర్టు అంటాం కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘పోర్టు వైపు’ అంటే రేవు వైపు అనుకునే ప్రమాదముంది. ముందు భాగానికి అణియం, వెనుక భాగానికి అమరం అనే పాత మాటలు ఎటూ ఉన్నాయి. ఇంగ్లిషులో అవి బో, స్టెర్న్.

రాత్రి పూట ఈ మాటలు దీపాలుగా మారతాయి. ప్రతి ఓడకూ ఎడమ వైపు ఎర్ర దీపం, కుడి వైపు పచ్చ దీపం, వెనుక తెల్ల దీపం. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎర్ర, పచ్చ దీపాలు ఒక్కొక్కటి నేరుగా ముందు నుంచి తన పక్కకు 112.5 డిగ్రీల మేర మాత్రమే కనబడాలి. ఆ కోణంలోనే ఉంది కిటుకంతా. ఎదుటి ఓడది ఎర్ర దీపం ఒక్కటే కనబడితే దాని ఎడమ పక్క ఇటు తిరిగి ఉన్నట్టు. పచ్చ ఒక్కటే కనబడితే కుడి పక్క. రెండూ ఒకేసారి కనబడుతున్నాయంటే అది సూటిగా మీదికే వస్తోంది. అప్పుడు ఇద్దరూ తమ తమ కుడికే తిప్పాలి. దారులు అడ్డంగా కలిసేటప్పుడు ఎదుటి ఓడ ఎవరి కుడి పక్క నుంచి వస్తుందో వాళ్లే తప్పుకోవాలి. అలా కుడి నుంచి వచ్చే ఓడది కనబడేది ఎర్ర దీపమే కాబట్టి, ఎరుపు చూసినవాడు దారివ్వాలన్న రోడ్డు అలవాటు ఇక్కడా పనికొస్తుంది.

చేపల బోట్లకు అదనంగా గుర్తులున్నాయి. ట్రాల్ వల (బోటు వెనుక ఈడ్చుకుపోయే వల) లాగుతున్న బోటు నిలువు కొయ్య మీద పైన పచ్చ దీపం, కింద తెల్ల దీపం. వేరే వలలతో వేటాడుతుంటే పైన ఎరుపు, కింద తెలుపు. 7 మీటర్ల లోపు పొడవుండి, 7 నాట్లకు మించి పోలేని మర పడవకైతే అన్ని దిక్కులకూ కనబడే ఒక్క తెల్ల దీపం చాలు. మన తీరంలో తిరిగే ఫైబర్ బోట్లు చాలావరకు ఆ పొడవు దాటినవే, కాబట్టి ఆ మినహాయింపు వాటికి వర్తించదు. ఆచరణలో ఒక టార్చితో సరిపెట్టుకునే అలవాటు బాగా ఉంది. కృష్ణపట్నం వెలుపల లంగరేసి వంతు కోసం కాచుకునే పెద్ద ఓడల మధ్య నుంచి పోయేటప్పుడు ఈ అలవాటు ఖరీదైనది. అంత ఎత్తు నుంచి చూసే ఓడవాళ్లకు తమ ముక్కు కింద ఉన్న పడవ కనబడదు. కనబడినా నిండు సరుకుతో పోతున్న ఓడ ఆగడానికి కిలోమీటర్ల దూరం కావాలి. వేటాడుతున్న బోటుకు మామూలు మర ఓడలు దారివ్వాలన్నది నిజమే. ఇరుకైన కాలువల్లో, ఓడల రాకపోకల దారిలో మాత్రం వేట బోట్లు ఎవరికీ అడ్డు రాకూడదని అదే నిబంధనావళిలో ఇంకో చోట ఉంది. మొదటిది చెప్పుకున్నంతగా రెండోది ఎవరూ చెప్పుకోరు.

దారి చూపడానికి నీళ్ల మీద తేలేలా కట్టే గుర్తుల, అంటే బోయల, రంగులూ ఇలాంటివే. భారతదేశం పాటించే పద్ధతిలో సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయలు ఎడమ పక్క, పచ్చ బోయలు కుడి పక్క ఉండాలి. అమెరికా ఖండాల్లో దీనికి పూర్తిగా రివర్స్.

నాట్, నాటికల్ మైలు

నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. 1929లో ఖాయమైన అంతర్జాతీయ కొలత ఇది. ఈ వంకర అంకె ఎందుకన్నది భూగోళాన్ని చూస్తే తెలుస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 నిమిషాలుగా విడగొడితే, ఒక్క నిమిషం పొడవు దాదాపు ఒక నాటికల్ మైలు. నెల్లూరు దాదాపు 14 డిగ్రీల 26 నిమిషాల దగ్గర, ఒంగోలు 15 డిగ్రీల 30 నిమిషాల దగ్గర ఉన్నాయి. తేడా 64 నిమిషాలు. రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి కాబట్టి మధ్య దూరం సుమారు 64 నాటికల్ మైళ్లు, అంటే 118 కిలోమీటర్లు. చార్టు, అంటే సముద్రపు పటం, దగ్గర పెట్టుకుని దారి గీసుకునేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. దూరం కొలవడానికి వేరే స్కేలు అక్కర్లేదు, చార్టు అంచున ఉన్న అక్షాంశమే స్కేలు. పక్క అంచు మీద మాత్రమే కొలవాలి. పై అంచున ఉండే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి వాటితో కొలిస్తే లెక్క తప్పుతుంది.

గంటకు ఒక నాటికల్ మైలు పోతే అది ఒక నాట్. తెరచాప ఓడల కాలంలో ముడులు వేసిన తాడును వెనుక నుంచి నీళ్లలోకి వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవాళ్లు. పేరు అక్కడిదే. ‘గంటకు’ అన్నది నాట్‌లోనే ఉంది కాబట్టి ‘గంటకు 40 నాట్లు’ అని రాయక్కర్లేదు, 40 నాట్లు అంటే చాలు. కిలోమీటర్లలోకి మార్చాలంటే రెండింతలు చేసి అందులో పదమూడో వంతు తీసేస్తే సరిపోతుంది. 40 నాట్లు అంటే 74 కిలోమీటర్లు.

వాతావరణ శాఖ అంకెలు గజిబిజిగా ఉండడానికి కారణం కూడా ఇదే. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను అని చదివినప్పుడు 60, 90, 120 అని గుండ్రంగా పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఆ గీతలు నాట్లలో గీసినవి: 34, 48, 64. కిలోమీటర్లలోకి మార్చేసరికి అలా అయ్యాయి. వాయుగుండం 17 నాట్ల దగ్గర, తీవ్ర వాయుగుండం 28 నాట్ల దగ్గర మొదలవుతాయి. ఈ వేగాలు కూడా మూడు నిమిషాల సగటు. మధ్యలో ఒక్కసారిగా కొట్టే ఉధృతి ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. ‘90 నుంచి 100, అప్పుడప్పుడు 110’ అని బులెటిన్‌లో ఉండే చివరి అంకె దాని గురించే.

లోతు, డ్రాఫ్ట్, ఓడ పక్కన గీసిన గీతలు

లోతు కొలిచే ఫాథమ్ అంటే ఆరు అడుగులు, 1.83 మీటర్లు. రెండు చేతులూ చాపితే వచ్చే కొలత. మన జాలరులు బార అనేది దాన్నే. సీసం గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, పైకి లాగేటప్పుడు చేతులు చాపి లెక్కపెడితే ఎన్ని బారల లోతో తెలిసిపోతుంది. కొత్త చార్టుల్లో లోతు మీటర్లలో ఉంటుంది, అదీ బాగా ఆటు ఉన్నప్పటి లోతు. నెల్లూరు తీరంలో ఆటుపోట్ల తేడా మామూలుగా ఒక మీటరు అటూ ఇటూ. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది ఏమీ కాదు. పెద్ద ఓడలకు దీనితో ఒరిగేది తక్కువే గానీ, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటే చిన్న బోట్లకు ఆ మీటరే ప్రాణం. ఇసుక మేట వేసిన మొగల దగ్గర పోటు కోసం కాచుకుని కూర్చోవడం ఈ తీరంలో మామూలు దృశ్యం.

డ్రాఫ్ట్ అంటే ఓడ నీళ్లలో ఎంత మునిగి ఉందో ఆ లోతు. కృష్ణపట్నం సుమారు 18 మీటర్ల డ్రాఫ్ట్ ఓడలను తీసుకోగలదంటే అక్కడ నీటి లోతు సరిగ్గా 18 మీటర్లని కాదు, అంతకన్నా ఎక్కువని. ఓడ అడుగుకూ నేలకూ మధ్య కొంత ఖాళీ ఉండాలి, ఓడ అలల మీద పైకీ కిందికీ ఊగుతుంది కూడా. కేప్‌సైజ్ అనే లక్షన్నర టన్నుల పైబడిన బొగ్గు, ఇనుప ఖనిజం ఓడలు ఏ రేవుకు రాగలవన్నది ఈ అంకె మీదే ఆధారపడుతుంది. ఓడ పెద్దదైతే టన్నుకు పడే రవాణా ఖర్చు తగ్గుతుంది. పక్కనే నేలటూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. ఆ లక్షన్నర టన్నులు డెడ్‌వెయిట్, అంటే ఓడ మోయగలిగే బరువు: సరుకు, ఇంధనం, నీళ్లు, మనుషులు అన్నీ కలిపి. ఓడ సొంత బరువు ఇందులో లేదు. గ్రాస్ టన్నేజ్ అన్నది అసలు బరువే కాదు, ఓడ లోపలి చోటుకు కొలత. వార్తల్లో ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి పడుతుంటాయి.

లంగరేసిన బొగ్గు ఓడ పక్క నుంచి ఫైబర్ బోటులో పోతే దాని ముందూ వెనుకా నిలువుగా తెల్ల అంకెలు కనబడతాయి. నీళ్లు ఏ అంకెను తాకుతున్నాయో అదే ఆ పూట డ్రాఫ్ట్. ఓడ నడిమి భాగంలో ఒక వలయం, దాని మధ్య నుంచి అడ్డ గీత ఉంటాయి. పక్కన నిచ్చెన మెట్లలా చిన్న గీతలు, వాటికి అక్షరాలు. సరుకు నింపితే ఓడ ఎంతవరకు మునగవచ్చో చెప్పే హద్దులవి. పేరు ప్లిమ్‌సాల్ గీత. ఓడలను మోయలేనంతగా నింపి నావికుల ప్రాణాలతో ఆడుకుంటున్నారని బ్రిటన్ పార్లమెంటులో పోరాడిన సామ్యూల్ ప్లిమ్‌సాల్ పేరు మీద వచ్చింది. అక్కడ 1876లో చట్టమైంది. ఒక్క గీత చాలదా, ఇన్ని ఎందుకంటే నీళ్లూ సముద్రాలూ ఒకేలా ఉండవు కాబట్టి. మంచినీళ్లు ఉప్పునీళ్లకన్నా తేలిక. అదే సరుకుతో నదిలో ఉన్న ఓడ సముద్రంలోకన్నా ఎక్కువ మునుగుతుంది. అందుకు వేరే గీత. చలికాలపు అట్లాంటిక్‌లో తుఫాన్ల బెడద ఎక్కువ కాబట్టి తక్కువ నింపాలి, దానికింకో గీత. మనలాంటి ఉష్ణమండల సముద్రాలకు మరొకటి.

గాలి పేరు, నీటి పేరు

ఈశాన్య గాలి అంటే ఈశాన్యం నుంచి వచ్చే గాలి. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. నీటి ప్రవాహం దగ్గర పద్ధతి తిరగబడుతుంది. దక్షిణ ప్రవాహం అంటే దక్షిణం వైపు పోయే ప్రవాహం. గాలికి వచ్చిన దిక్కు పేరు, నీళ్లకు పోయే దిక్కు పేరు. ఈ తీరం వెంట ప్రవాహం కాలాన్ని బట్టి దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి. నవంబరులో ఇంజన్ ఆగిపోయిన నెల్లూరు బోటును వెతకాల్సింది తమిళనాడు వైపు.

గాలి వచ్చే పక్కను విండ్‌వర్డ్, పోయే పక్కను లీవర్డ్ అంటారు. గాలి ఓడను ఏ ఒడ్డు మీదికి తోస్తుందో అది లీ షోర్. ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు, ప్రకాశం తీరమంతా లీ షోరే. ఇంజన్ చెడితే, లంగరు పట్టకపోతే బోటు అలలు విరిగే చోటికి కొట్టుకొస్తుంది. జూన్, జులైలో పడమటి గాలి వీచేటప్పుడు ఇందుకు ఎదురు. ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా, ప్రశాంతంగా కనబడతాయి. అదే గాలి చిన్న పడవను తెలియకుండా లోపలికి లాక్కుపోతుంది. పెద్ద అలలు లేవు కదా అని తేలిగ్గా తీసుకునేది ఆ నెలల్లోనే.

తెరచాప మాటలు ఇప్పుడు వార్తల్లో అరుదు. బకింగ్‌హామ్ కాలువ మీద నెల్లూరు వైపు నుంచి మద్రాసుకు కట్టెలు, ఉప్పు మోసిన పడవల కాలంలో అవి రోజూ నోట్లో నలిగేవి. ఆ కాలువ పని 1806 ప్రాంతంలో మద్రాసు దగ్గర మొదలై, 1877–78 కరువు పనుల్లో పొడవు పెరిగి, నాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టుకుంది. గాలికి సూటిగా ఎదురు ఏ తెరచాపా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణం దాకా పోగలదు. కాబట్టి కొంత దూరం ఒక పక్కకు, మళ్లీ తిప్పి ఇంకో పక్కకు, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు మెలికలు తిరుగుతూ పోవాలి. అలా ముందు భాగాన్ని గాలికి అడ్డంగా దాటించి మళ్లడం ట్యాకింగ్. గాలి వెనుక నుంచి వస్తుండగా వెనుక భాగాన్ని దాటించడం జైబింగ్. రెండోదాంట్లో తెరచాప ఒక్క ఊపున ఇటు నుంచి అటు కొడుతుంది, తల వంచకపోతే దెబ్బే. ఇరుకు కాలువలో ట్యాకింగ్‌కు చోటు చాలదు. అందుకే గాలి అనుకూలించని రోజు గట్టు మీద నుంచి తాడు కట్టి పడవను లాగేవాళ్లు. గాలి ముదిరినప్పుడు తెరచాపను కొంత మడిచి కట్టడం రీఫింగ్.

అల ఎత్తు, ఉప్పెన

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ‘అలలు 3 మీటర్ల ఎత్తు’ అని హెచ్చరిస్తే, ఏ అలా మూడు మీటర్లు దాటదని కాదు. అలల్లో పెద్దవాటిని మూడో వంతు తీసుకుని వాటి ఎత్తుకు కట్టిన సగటు అది. మధ్యలో ఎప్పుడో ఒక అల దానికి దాదాపు రెండింతలు లేవడం ఈ లెక్కలో మామూలే. మూడు మీటర్ల హెచ్చరిక ఉన్న రోజు ఐదు మీటర్ల అల వస్తే అది అంచనా తప్పడం కాదు. స్వెల్ అంటే ఎక్కడో దూరాన పుట్టి వచ్చే పొడవాటి అలలు. ఇక్కడ గాలి లేకపోయినా అవి వస్తాయి.

ఉప్పెన అల కాదు. తుఫాను గాలి నీటిని ఒడ్డు మీదికి తోయడం వల్ల సముద్ర మట్టమే పెరగడం. ‘ఒక మీటరు ఉప్పెన’ అంటే ఆ పూట ఉండే పోటు మీద ఇంకో మీటరు, దాని మీద మళ్లీ అలలు. తుఫాను పోటు సమయంలో తీరం దాటుతుందా, ఆటు సమయంలోనా అన్న ప్రశ్న అందుకే వస్తుంది.

ఎనిమిది కిలోమీటర్ల లెక్క

తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ మత్స్యకారులకు, ఆ అవతల మరబోట్లకు అన్నది రాష్ట్ర నిబంధన. సోనా బోట్ల గొడవల్లో ప్రతిసారీ ఈ అంకె వినబడుతుంది. బోటులోని జీపీఎస్ సాధారణంగా నాటికల్ మైళ్లలో చూపిస్తుంది. 8 కిలోమీటర్లంటే 4.3 నాటికల్ మైళ్లు. తెర మీద 5 కనబడుతుంటే ఆ బోటు హద్దు అవతలే ఉన్నట్టు. ఒడ్డున ఉన్నవాళ్లేమో 5 అంటే 5 కిలోమీటర్లనుకుంటే అది హద్దు మీరినట్టు లెక్క.

కంటితో చూసి చెప్పడమూ కష్టమే. తీరాన నిలబడ్డ మనిషికి సముద్రం ఆకాశాన్ని కలిసే గీత దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆరు మీటర్ల ఎత్తు కొయ్య, దాని మీద దీపం ఉన్న బోటైతే ఆ గీత దాటి 13 కిలోమీటర్ల దూరం నుంచి కూడా కనబడగలదు. రాత్రి ఒడ్డు నుంచి వరసగా దీపాలు కనబడడం బోట్లు 8 కిలోమీటర్ల లోపల ఉన్నాయనడానికి రుజువు కాదు, లేవనడానికీ కాదు. ఒడ్డున ఉన్నవాళ్ల ఆవేదన నిజమైనదే, వలలు తెగడమూ నిజమే. ఏ చోట జరిగిందన్నది తేల్చాలంటే మాత్రం బోటు జీపీఎస్‌లో మిగిలిన దారి గుర్తు, టైముతో సహా, కావాల్సిందే.

మిగతా హద్దులు నాటికల్ మైళ్లలోనే ఉంటాయి. ప్రాదేశిక జలాలు 12, అంటే 22 కిలోమీటర్లు. ప్రత్యేక ఆర్థిక మండలం 200, అంటే 370 కిలోమీటర్లు.

ఆపదలో చెప్పాల్సిన అంకెలు

ప్రాణాపాయం ఉంటే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్‌లో 16వ ఛానెల్ మీద ‘మేడే’ అని మూడుసార్లు. ప్రాణాపాయం లేదు గానీ సాయం కావాలంటే ‘పాన్ పాన్’. ఇంజన్ చెడి తేలుతున్న బోటుకు రెండోదే సరి, నీళ్లు లోపలికి వస్తుంటే మొదటిది. ఫోను సిగ్నల్ అందే దూరంలో ఉంటే కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు 1554. తర్వాత బోటు పేరు, ఎంతమంది ఉన్నారు, ఏమైంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఎక్కడ ఉన్నారు.

ఆ ‘ఎక్కడ’ దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఒకే చోటును మూడు రకాలుగా రాయొచ్చు. కృష్ణపట్నం అక్షాంశం ఫోన్‌లోని మ్యాపులో 14.25గా కనబడుతుంది. అది డిగ్రీల దశాంశం. బోటు జీపీఎస్‌లో అదే చోటు 14 డిగ్రీల 15.0 నిమిషాలు, ఎందుకంటే డిగ్రీలో పావు వంతు 15 నిమిషాలు. ఫోన్ చూసి ‘పద్నాలుగు, ఇరవై ఐదు’ అని చదివితే అవతలివాళ్లు 14 డిగ్రీల 25 నిమిషాలు అని రాసుకునే వీలుంది. తేడా 10 నిమిషాలు, అంటే 10 నాటికల్ మైళ్లు, 18.5 కిలోమీటర్లు ఉత్తరానికి. దక్షిణానికి పోయే ప్రవాహం ఉన్న నవంబరు రాత్రి ఆ తేడా గంట గంటకూ పెరుగుతుంది.

‘పాయింట్’ అన్న మాటను మింగేయకుండా ‘పద్నాలుగు పాయింట్ రెండు ఐదు డిగ్రీలు’ అనో, ‘పద్నాలుగు డిగ్రీలు, పదిహేను పాయింట్ సున్నా నిమిషాలు’ అనో అంకె అంకె విడివిడిగా చదివి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకుంటే చాలు. నిమిషం తర్వాత ఒక్క దశాంశం సరిపోతుంది. అందులో ఒక అంకె అంటే 185 మీటర్లు. పగటి పూట అంత దగ్గరకు వచ్చిన బోటుకు ఫైబర్ పడవ కంటికి కనబడుతుంది.